శంకరవ్వ వాకిట్లో ఆరు అక్షరాలు

శంకరవ్వ, భర్త కీర్తిశేషులు పర్శరాములు, వయస్సు అరవై ఒక్క సంవత్సరాలు. ఈమెను నేను ముప్పై నాలుగేళ్లుగా ఎరుగుదును. తహసీల్ కార్యాలయంలో ఉత్తర్వులకు నకళ్లు రాసే ఉద్యోగం మీద సిరిసిల్ల దాపున ఉన్న ఈ ఊరికి వచ్చి, ఆమె ఇంటి పక్క ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పదవీ విరమణ తరువాత కూడా అక్కడే ఉంటున్నాను. కింద రాసినది నేను చూసినదీ, సంబంధించినవారి నోట విన్నదీ మాత్రమే.

ఈమె భర్త మరమగ్గాల మీద పనిచేసి ఊపిరితిత్తుల జబ్బుతో మరణించారు. నాటి నుండి ఈమె మగ్గాలకు నూలు కండెలు చుట్టి జీవిస్తున్నది. చదివినది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు మరచిపోకుండా ఉన్నది నూలు పెట్టెల మీది ముద్రలు చదవడం వల్లనే. మంచిర్యాలలో కాపురముంటున్న కూతురు నవీన తన పాత ఫోను తల్లికి ఇచ్చింది. అందులో ఒక ఆట ఉన్నది. ఒక గుండ్రంలో కొన్ని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. వాటిని వేలితో గీత గీసి కలుపుతూ, వాటిలో దాగి ఉన్న మాటలన్నీ వెలికి తీయాలి.

జీవితమంతా దారం చూసి చూసి ఈమె చూపు మందగించింది. ఫోనులోని చిన్న అక్షరాలు ఆనవు. అందువల్ల ప్రతి ఉదయం ముగ్గుపిండితో వాకిట్లో పెద్ద గుండ్రం వేసి, ఆనాటి అక్షరాలను అందులో రాసుకునేది. రాట్నం తిప్పుతూ వాటి వైపే చూసేది. మాట దొరికితే లేచి వెళ్లి గీతలతో కలిపేది.

"షేరు అంటె పంచుకునుడట సారూ," అని ఒకనాడు గోడ మీదుగా నాతో అన్నది. "ఇన్నేండ్ల సంది పంచుకుంటనే ఉన్న. దానికి గింత మంచి పేరున్నదని ఇయ్యాల్నే ఎరుకయింది."

ఆనాటి అక్షరాలు ఆరు: ఎస్, హెచ్, ఏ, కె, ఈ, ఆర్.

ఎదురింటి సాంబయ్య కొడుకు రాకేశ్‌కు అప్పటికే జ్వరం. ఇరవై నాలుగేళ్ల యువకుడు. కళ్లు పచ్చబడ్డాయి, అన్నం సహించడం లేదు. రెండు ఆసుపత్రులలో చూపించినా నెమ్మదించలేదు. ఆ ఉదయం సాంబయ్య భార్య కనకవ్వ, ఆమె మరిది, డిగ్రీ చదివిన రంజిత్ బయటికి వచ్చి, ఈ వాకిలి ముందు ఆగిపోయారు.

"గిదేందే అక్కా? ముగ్గు లెక్క లేదు," అన్నది కనకవ్వ.

"ఆట చెల్లె. గీ అక్షరాలల్ల మాటలు దేవులాడాలె. సూడు, గిది షేక్, గిది షార్క్."

రంజిత్ వంగి చూశాడు. వేలు చాపి అక్షరాలను ఒక్కొక్కటిగా కలిపాడు. ఆర్, ఏ, కె, ఈ, ఎస్, హెచ్.

"వదినే, గిది మన రాకేశ్ పేరు. ఒక్కటి తక్వ లేదు, ఒక్కటి ఎక్వ లేదు," అన్నాడు కనకవ్వతో.

శంకరవ్వ నవ్వింది. "అయ్యో, నాకు కనవడనే లేదు కొడకా. పేర్లు ఆటల చెల్లయి."

ఆ నవ్వును కనకవ్వ వేరే విధంగా తీసుకున్నది. గుండ్రం, గీతలు, నడుమ కొడుకు పేరు. ఆ రోజు సాయంత్రానికల్లా చేతబడి అన్న మాట వీధి చివరి వరకు వెళ్లింది. నేను శంకరవ్వ ఫోను తీసుకొని సాంబయ్య ఇంటికి వెళ్లి, ఆ ఆటను మొదటి నుండి ఆడి చూపించాను. ఆయన శాంతంగా చూసి, "అంటె ఫోన్ల గూడ మా పోరని పేరు పెట్టిందా సారూ?" అని అడిగాడు.

తరువాత మగ్గాల యజమాని ఈమెకు నూలు పంపడం మానుకున్నాడు. ఒక ఉదయం గడప మీద కుంకుమ పూసి కోసిన నిమ్మకాయలు కనబడ్డాయి. వదినే అని పిలిచే సాంబయ్య ఇప్పుడు ఏ వరుసా పెట్టడు; అది, ఆమె అంటాడు. ప్రాణహిత నది అవతలి నుండి ఒక మంత్రగాడు జీపులో వచ్చి ఆయన ఇంట్లోనే దిగాడు.

నిన్న నల్లా దగ్గర కనకవ్వ ఈమె బిందె పక్కకు వచ్చి, మెల్లగా అడిగిందట: "నీ నోట్ల ఇంకెన్ని పండ్లున్నయి?"

చేతబడి చేసినట్లు అనుమానం ఉన్నవారి పళ్లు ఊడబెరికితే మంత్రం నోట తిరగదని నమ్మే మనుషులు ఇంకా ఉన్నారు. శంకరవ్వకు ఈ సంగతి తెలుసు.

"కొన్నాళ్లు నవీన ఇంటికి పో. ఆ గుండ్రం తుడిచేయి," అని చెప్పాను.

"తుడిస్తె నేను చేసినట్టే గద సారూ. పోతె ఉరికిపోయిందంటరు. నేనేం తప్పు జేసిన్నని?" అన్నది. మళ్లీ తనే, "ఆ పోరనికి జర మంచి డాక్టర్ని దొరకవట్టుండ్రి. ఆడు లేస్తె నా ఫికర్ నాకుండదు," అన్నది.

ఈ ఉదయం కూడా వాకిట్లో కొత్త గుండ్రం వేసింది. మధ్యాహ్నం మగ్గాలు బాగుచేసే మేస్త్రీ గంగయ్య నా వద్దకు వచ్చి, సాంబయ్య మనుషులు తన పట్టకారు అడిగి తీసుకువెళ్లారని, తనకు భయంగా ఉన్నదని తెలిపాడు. రాకేశ్ ఇప్పుడు మనుషులను గుర్తుపట్టడం లేదు. ఎదురింటి వాకిట్లో మగవారు ఒక్కొక్కరుగా చేరుతున్నారు. రేపు అమావాస్య.

కావున మండల పోలీసు అధికారి గారికి శంకరవ్వ తరపున సవినయంగా మనవి చేయునది: ఈ లేఖ అందిన వెంటనే ఆమె ఇంటి వద్ద కాపలా ఏర్పాటు చేయవలెను. మంత్రగాడిని పిలిపించి విచారించవలెను. ప్రభుత్వ వైద్యుడిని తమ వెంట తీసుకువచ్చి, రాకేశ్‌ను పెద్దాసుపత్రికి తరలించి, అతని జబ్బు పేరును వీధి వారందరి ఎదుట చెప్పించవలెను. ఉత్తర్వు రాతపూర్వకంగా వెలువడే వరకు ఆగవద్దని ప్రార్థన. తమరు వచ్చే దాకా నేను ఆమె గడప ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటాను.