స్లీపర్ చెక్క మీది గొడుగులు

ఉక్కు ప్లాంటు ఊళ్ళో, కూలీల బస్తీ అయిన క్యాంప్ 2లో ఉండే గున్నమ్మకు వానాకాలమంతా సెక్టర్ 2లోని ఒక క్వార్టర్ వెనక ఎండిన మామిడి మోడే ఆధారం. దాని మీద తెల్లగా, చిప్పల్లా, గుత్తులుగా లేచే పుట్టగొడుగులు కోసి, సగం ఇంటివాళ్ళకిచ్చి సగం తను పట్టుకెళ్తుంది. ఆ క్వార్టర్ ప్లాంటు ఆఫీసరు శ్యామసుందర్‌ది.

ఈ ఏడాది మోడు మీద ఇంకా ఏమీ లేవలేదు. ఆయన తోటలో వేయించుకున్న బెంచీ పగుళ్ళలోంచి మాత్రం తెల్లటి గుత్తులు పొడుచుకొచ్చాయి. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్కలతో చేసిన బెంచీ అది. మధ్యాహ్నం భోజనానికి రాయ్‌పూర్ నుంచి చుట్టాలొస్తున్నారని గున్నమ్మను పిలిపించి కోయమన్నారు.

ఆమె ఒకటి తుంపి వాసన చూసింది. చెక్కను గోటితో గీరి మళ్ళీ చూసింది.

"ఈటిని నాను కొయ్యను బాబూ."

"అదేమిటి? పోయినేడు మోడు మీద కోసినవీ ఇవేగా?"

"ఇయ్యే. గొడుగు మంచిదే, సెక్క మంచిది కాదు. పురుగు పట్టకండా నల్లనూని పట్టించిన సెక్క ఇది. దేని మీద మొలిస్తే దాన్నే తాగతాది గొడుగు."

"ఎప్పటి చెక్కో అది! ఇన్ని వానలకి నూనె మిగులుతుందా? నీకు తెలుసా, నాకు తెలుసా?"

గున్నమ్మ రెండు ముంజేతులూ చాపింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాక మొదటి పన్నెండేళ్ళు ప్లాంటులో రైలు పట్టాలు వేసే గ్యాంగ్‌లో కాంట్రాక్టు పని చేసింది. ఎండలో ఆ చెక్కలు మోస్తే నూనె అంటి కాలిన మచ్చలు ఇంకా పోలేదు.

"మీరు వాటి మీద కూకున్నారు బాబూ. నాను మోసినాను."

ఆయన భార్య లలితాంబ బయటికొచ్చింది. "చుట్టాలకు చెప్పేశాం గున్నమ్మా. బాగా ఉడికిద్దాంలే."

"గొడుగు ఉడుకుతాది. నూని ఎక్కడికి పోతాదమ్మా?"

శ్యామసుందర్ మొహం ఎర్రబడింది. "ఇవి కోయనిదానివి ఆ మోడు దగ్గరికీ రాకు. మళ్ళీ ఈ గేటు ముట్టుకోవద్దు!"

గున్నమ్మ మోడు వంక ఒక్కసారి చూసింది. తడిసి నల్లబడి ఉంది. ఇంకో రెండు వానలు పడితే చాలు. తర్వాత బెంచీ దగ్గరికి నడిచింది. కోయబోతోందనే అనుకున్నారు ఇద్దరూ. ఆమె గుత్తులన్నీ పెరికి కిందపడేసి, చెప్పుకాలితో బురదలో కలిపేసింది.

"అరే! ఏం చేస్తున్నావ్?"

"వదిలెల్తే నానెళ్ళాక మీరే కోసీసుకుంతారు గదా."

"ఇప్పుడు కూరేం వండను?" అంది లలితాంబ.

"బెండకాయల్లేవేటమ్మా ఇంట్లో?" అంటూ గేటు తనే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వానాకాలం ఆమె మళ్ళీ ఆ వీధికి పోలేదు. ఊరి చివరి మరోదా దాకా నడిచి, గాలికి పడిన దిరిసెన చెట్టొకటి వెతుక్కుంది. మొదటి వారం దొరికింది గుప్పెడే.

"సాల్లే," అంది తోడెళ్ళిన నాతో, కొంగున మూట కట్టుకుంటూ. "రావొద్దనీవోడెవుడూ లేడిక్కడ."