ప్రాంప్టరమ్మ పెదాలు

ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఆమె ఉద్యోగం తెర చాటున నిలబడి మాటలు అందించడం. నటుడు డైలాగు మరిచిపోయి గుటకలు మింగుతుంటే మొదటి రెండు ముక్కలు ఊపిరితో అనేది, మిగతాది అతను అందుకునేవాడు. తను అక్కడ ఉన్నట్టు ప్రేక్షకులకు తెలియకపోవడమే ఆ పనిలో పనితనం. నాటక సంస్థలో అందరూ ఆమెను ప్రాంప్టరమ్మ అనేవారు. నాటకశాల మూతపడి, ఆ భవనంలో కార్ల విడిభాగాల గోదాం వెలిశాక కూడా వీధిలో ఆమె ప్రాంప్టరమ్మే.

ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. ఎదుటి మనిషి నోరు తెరవగానే ఆమె పెదాలు చప్పుడు లేకుండా కదిలేవి, అదీ ఆ మనిషి కంటే ఒక మాట ముందుగా. ఇంట్లో అయితే ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. "పొద్దున్న ఆ అయిదంతస్తుల మేడలో..." అని అతను మొదలుపెడితే, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, అంతేగా, అని ఆమె ముగించేసేది. పెళ్ళయిన కొత్తలో అతను ముచ్చటపడ్డాడు. తర్వాత విసుక్కున్నాడు. చివరికి సగం చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాడు. ఎంత మితభాషి అని చుట్టాలు మెచ్చుకునేవారు. అందులో భార్య చలవ ఎంతో ఎవరికీ తట్టలేదు, ఆమెకు అసలే తట్టలేదు.

ఆమె అక్క కూతురు ఆటిజం ఉన్న యువతీయువకులకు ఒక శిక్షణ కేంద్రం నడుపుతోంది. కాగితాల దుకాణం పైన మూడు గదులు, గోడలకు లేత రంగు, చప్పుడు చెయ్యని ఫ్యాన్లు. నలుగురిలో మాట్లాడటం, పలకరిస్తే బదులు పలకడం, నచ్చకపోతే నచ్చలేదని చెప్పడం, ఇవే అక్కడి పాఠాలు. "పిన్నీ, ఊరికే కూర్చునే బదులు వచ్చి వీళ్ళతో చిన్న చిన్న నాటకాలు వేయించు" అంది ఆ పిల్ల. ప్రాంప్టరమ్మ ఎగిరి గంతేసింది. టికెట్టు కొనడం, డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పడం, క్యూలో ముందుకు దూరినవాణ్ణి ఆపడం, ఒక్కోదానికి ఒక్కో కాగితం రాసింది. ఎదుటి కుర్చీలో తనే టికెట్టు గుమాస్తా, తనే డాక్టరు, తనే దూరినవాడు.

ఆమె దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్నది గొడుగమ్మాయి. ఇరవై మూడేళ్ళది. వెలుతురు ఎక్కువైతే కళ్ళు పోటు పెడతాయని ఏ కాలంలోనైనా గొడుగు వేసుకునే తిరుగుతుంది, అందుకే ఆ పేరు. ఆ పేరు తనకు సరిపోయిందని తనే ఒప్పుకుంది. ఒకసారి ఆ గొడుగు బస్సులో పోతే, బస్టాండులో పోయిన వస్తువుల కౌంటర్లో దొరికింది. అక్కడి అరలు, ఒక్కో వస్తువుకు కట్టిన చీటీ చూసి, పని చేస్తే ఇక్కడే చేస్తానని నిర్ణయించుకుంది. రెండేళ్ళుగా రోజూ అదే మాట. ఇన్నాళ్ళకు అక్కడ ఒక ఖాళీ వచ్చింది. వస్తువులు గుర్తుపెట్టుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అయితే కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళతో మాట్లాడాలి.

పదకొండు రోజులు సాధన చేశారు. అంత అనర్గళంగా ఆ అమ్మాయి ఎప్పుడూ మాట్లాడలేదు. పైగా ఎదుటి మనిషి ముఖం వంక చూస్తోంది. చూసి తీరాలన్న నిర్బంధం ఆ కేంద్రంలో లేదు, తనంతట తనే చూస్తోందని పిన్నీ, అక్క కూతురూ మురిసిపోయారు. ప్రాంప్టరమ్మ అయితే గాల్లో తేలిపోయింది.

పరీక్ష రోజున బస్టాండు సూపరింటెండెంటు గదిలోకి గొడుగమ్మాయి ఒక్కతే వెళ్ళింది. నాకు ఒక సంచి పోయింది అనుకో, నన్ను ఏమడుగుతావు, అన్నాడాయన. ఆమె ఆయన నోటి వంక చూస్తూ నిలబడింది. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ చూసింది. ఏడు నిమిషాల తర్వాత ఆయన ఇబ్బందిగా లేచి తలుపు తీశాడు. అక్క కూతురు బతిమాలితే, నెలాఖరులోపు ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఆపైన ఆ ఖాళీ వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు.

ఏమైందమ్మా, అన్నీ వచ్చుగా నీకు, అని ప్రాంప్టరమ్మ అడిగింది.

"ఆయన పెదాల మీద ఏమీ రాలేదు" అంది గొడుగమ్మాయి. "మీ పెదాల మీద నా మాట ముందే వస్తుంది. అది చూసి చెప్తాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది అంతే. ప్రాంప్టరమ్మకు మాత్రం నడిరోడ్డు మీద నిలదీసినట్టయింది. సిగ్గేసింది. పదకొండు రోజులూ ఆ అమ్మాయికి తను నేర్పిందేమీ లేదు, వెనకటి ఉద్యోగమే చేసిందన్నమాట.

మర్నాడు మాస్కు పెట్టుకుని వచ్చింది. గొడుగమ్మాయి రెండు నిమిషాలు చూసి, మాస్కు కదులుతోందని చెప్పింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. దవడ కదులుతోందంది. ఇక లాభం లేదని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రోజూ మొదటి అరగంట పాఠం గొడుగమ్మాయి చెబుతుంది. ఎదురుగా కూర్చుని తనకు తోచిందేదో మాట్లాడుతుంది, ప్రాంప్టరమ్మ పెదవి మెదిలినప్పుడల్లా "కదిలింది" అంటుంది. మొదటి రోజు నలభై ఆరుసార్లు అంది. యాభై ఏడేళ్ళ మనిషికి తల ప్రాణం తోకకొచ్చింది. మిగతా అరగంట కాగితాలు లేని సాధన. కింద దుకాణం గుమాస్తా వచ్చి కూర్చునేవాడు, మెట్లు తుడిచే ఆవిడ కూర్చునేది, ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు అడిగేవారు. గొడుగమ్మాయి చాలాసార్లు తెల్లమొహం వేసింది. కొన్నిసార్లు బదులిచ్చింది, అది కూడా ఆలస్యంగా.

ఇంట్లోనూ సాధన చెయ్యక తప్పలేదు. ఒక సాయంత్రం మొగుడు "ఇవాళ ఆ పాత ఆఫీసులో..." అన్నాడు, అలవాటు కొద్దీ ఆగాడు. ఆమె నోరు మెదపలేదు. అతను బిక్కమొహం వేశాడు. మాట పూర్తి చేసే పని తన మీద పడి చాన్నాళ్ళయింది పాపం. కాసేపటికి "ఏం లేదులే" అని లేచిపోయాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు మళ్ళీ బస్టాండుకు వెళ్ళారు. ఈసారి సూపరింటెండెంటు ఉత్తుత్తి ప్రశ్నలు వద్దన్నాడు. గొడుగమ్మాయిని నేరుగా కౌంటరు వెనక నిలబెట్టి తను పక్కన నిలబడ్డాడు. ప్రాంప్టరమ్మ ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

వచ్చినాయన మధ్యవయస్కుడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. బస్సులో కళ్ళజోడు పోయిందన్నాడు. రంగేమిటో బస్సేమిటో గొడుగమ్మాయి అడిగింది, ఆయన చెప్పాడు. అక్కడిదాకా సాఫీగానే నడిచింది. అప్పుడాయన, అది మా అమ్మది, ఆవిడ పోయి వారమైంది, విలువ చేసేదేం కాదు, లేకపోతే లేదని చెప్పెయ్యండి, అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

గొడుగమ్మాయి ఆగిపోయింది. ఆమె చూపు మనిషి మీది నుంచి బెంచీ మీదికి వచ్చింది.

అక్కడ అనాల్సిన మాట ప్రాంప్టరమ్మ నాలుక చివరే ఉంది. బాధపడకండి, తప్పకుండా దొరుకుతుంది. మొదటి రెండు ముక్కలు చాలు. ఆమె పళ్ళు బిగబట్టి, గొడుగమ్మాయి ముఖంలోకే చూస్తూ, రాయిలా కూర్చుంది. సూపరింటెండెంటు గడియారం చూసుకున్నాడు. నోరు తెరవకుండా కూర్చోవడం అంత కష్టమని ఆమెకు ఎప్పుడూ తెలియదు.

"దొరుకుతుందో లేదో నాకు తెలియదు" అంది గొడుగమ్మాయి, ఆయనతోనే. "కళ్ళజోళ్ళ అరలో ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ తీసి చూపిస్తాను. తొందరేం లేదు, మీరు కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆమె ఒక్కొక్కటే తీసి ఆయన ముందు పెట్టింది. ముప్పై ఒకటీ అయిపోయాయి, వాటిలో అది లేదు. అయినా ఆయన వెంటనే లేవలేదు. ఒక కళ్ళజోడు చేతిలోకి తీసుకుని, మా అమ్మది కూడా ఇలాగే ఒక కాడకు దారం చుట్టి ఉండేది, అని చెప్పాడు. ఆ దారం ఏ రంగో గొడుగమ్మాయి అడిగి చీటీ మీద రాసుకుంది. వెళ్ళేటప్పుడు ఆయన ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

తప్పకుండా దొరుకుతుందని తను అందించి ఉంటే ఏమయ్యేదో ప్రాంప్టరమ్మ తలుచుకుంది.

సూపరింటెండెంటు బెంచీ దగ్గరికి వచ్చి, సోమవారం నుంచి రాగలదా ఈ అమ్మాయి, అని ప్రాంప్టరమ్మను అడిగాడు.

"నన్నెందుకండీ, తననే అడగండి" అందామె.

ఆయన అడిగాడు. గొడుగమ్మాయి కళ్ళజోళ్ళు అరలో సర్దడం పూర్తయ్యేదాకా బదులు చెప్పలేదు. ఇద్దరూ నిలబడి ఎదురుచూశారు.

"వస్తాను. ఈ పైన లైటు మార్చాలి" అందామె. ఆయన లైటు వంక చూసి సరేనన్నాడు.

గొడుగమ్మాయి తనకు చెప్పే పెదాల పాఠం సంగతి ఆమె భర్తకు ఎప్పుడో చెప్పింది. ఆ సాయంత్రం అతను టీ గ్లాసు కింద పెట్టి "ఆ అమ్మాయి..." అని ఆగాడు. ప్రాంప్టరమ్మ ఆగింది. వీధిలో బండి ఒకటి వెళ్ళింది, రెండోది వెళ్ళింది. ఉద్యోగం వచ్చిందా అంటాడని ఆమె అనుకుంది.

"ఆ అమ్మాయిని ఒకసారి ఇంటికి పిలువు" అన్నాడతను. "చేతులెత్తి దణ్ణం పెట్టుకుంటాను."