సూది తర్వాతి మాట

పోయిన మంగళవారం పొద్దున థియేటర్లో కేసు మొదలుపెట్టబోతుంటే, మా సార్ ఇక లేరని మూడో అంతస్తు వార్డు నుంచి ఫోన్ వచ్చింది. కేసు ఆపలేం కదా. ఏడుపు దిగమింగి, చేతిలో ఉన్న మాస్కు పేషెంటు ముఖం మీద పెట్టాను.

ఆయన డాక్టరు కాదు. హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య ఉన్న మా ఆసుపత్రిలో, మత్తు డాక్టరు పక్కన నిలబడే సీనియర్ టెక్నీషియన్. భీమవరం నుంచి వచ్చిన నాకు పని నేర్పిన మనిషి.

మత్తుకు ముందు నరంలోకి ఒక చిన్న సూది వేస్తాం. దాంతో మనిషి వెంటనే నిద్రపోడు. మాట్లాడతాడు, అడిగినదానికి జవాబిస్తాడు, కానీ ఆ మాటలేవీ మెదడు దాచుకోదు. పాత జ్ఞాపకాలు ఎక్కడికీ పోవు, కొత్తవి మాత్రం అంటుకోవు. “సూది తర్వాత చెప్పింది ఆళ్లకు మిగలది బిడ్డా, మనమే దాచాలె” అనేవారు సార్. తెల్ల ప్లాస్టర్ టేపు ముక్క చింపి, పేషెంటు చెప్పిన మాట దాని మీద రాసి, తన ప్యాంటుకు అంటించుకునేవారు. లేచాక ఆ మనిషికొక్కరికే చదివి వినిపించి చింపేసేవారు. ఎక్కువగా బీరువా తాళం గురించో, కుక్కకు అన్నం పెట్టడం గురించో ఉండేవి. నేను నవ్వేదాన్ని.

ఆ నవ్వు ఒకరోజు ఆగిపోయింది. పుప్పాలగూడలో అపార్టుమెంట్లు కట్టేచోట కూలి చేసే ఒకామెను తెచ్చారు. ముంజేయి విరిగింది. మెట్ల మీంచి పడ్డానంది, పక్కన మొగుడు తలూపాడు. సార్ ఎక్స్‌రే చూసి నాతో మెల్లగా అన్నారు. “పడితే మణికట్టు విరుగుతది. గిది తలకు అడ్డం పెట్టిన చెయ్యి.”

లోపల సూది పడ్డాక ఆమె అంది. “సలాకతోని కొట్టిండు. పిల్లను గుడిసెల ఏసి తాళమేసిండు. అది నీళ్లు అడుగుతుండె.”

మందు మత్తులో ఏదో అంటోందనుకుని నేను సిరంజి అందుకున్నాను. సార్ టేపు చింపారు. మత్తు డాక్టరమ్మ పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లు తాళం పగలగొడితే నాలుగేళ్ల పిల్ల ప్రాణంతో దొరికింది. వీపంతా వాతలు.

మత్తు దిగుతుంటే తల్లి మంచం మీద యుద్ధం చేసింది. బాగున్న చేత్తో సార్ మూతి పగలగొట్టింది. కట్టేద్దామని నేను బట్ట తెచ్చాను.

“వద్దు. చేతులే వచ్చినయి, మనిషి ఇంక రాలే. జర ఆగు” అన్నారు, పెదవి నుంచి రక్తం కారుతున్నా.

మనిషి వచ్చాక, పిల్ల దొరికిందని చెబితే, ఆ సంగతి మీకెవరు చెప్పారని అడిగింది. “నువ్వే చెప్పినవమ్మా” అని సార్ టేపు చదివారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

పోయిన నెల రాయదుర్గం మెట్రో దగ్గర నీళ్ల ట్యాంకర్ గుద్ది సార్ తొడ ఎముక రెండు ముక్కలైంది. మా థియేటర్‌కే తెచ్చారు. డాక్టరమ్మ సూది వేశారు, నేను తల దగ్గర నిలబడ్డాను. కాసేపటికి సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

“పెండ్లయిన కొత్తల కొట్టిన. అప్పటిసంది దానికి ఎడమ చెవి ఇనవడదు. పుట్టుకతోనే గట్ల అని అందరికీ చెప్పిన. మాఫీ అడుగలే.”

సార్ భార్యకు, మా ఆంటీకి, ఒక చెవి వినిపించదని మాకందరికీ తెలుసు. ఎందుకు వినిపించదో ఆరోజే తెలిసింది. టేపు చింపి రాశాను కానీ ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. ఇంత నేర్పిన మనిషి మీద కోపం పెట్టుకుని ఏడవడం చాలా కష్టంగా ఉంది.

లేచేటప్పుడు ఆయనా కొట్టారు. అరచెయ్యి నా చెంప మీద పడి చెవి గింగుర్లెత్తింది. ఆ చేతిని పట్టుకుని ఆపాను, కట్టలేదు. కాసేపటికి మనిషి వచ్చాడు.

“ఏమన్న చెప్పిన్నా బిడ్డా?”

“లేదండి” అన్నాను.

ఆయన నేర్పిన పనిని ఆయన దగ్గరే ఎగ్గొట్టాను. కోలుకున్నాక నిలదీసి చదువుదామనుకున్నాను. తొమ్మిదో రోజున రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఆ తొమ్మిది రోజులూ ఆంటీ మంచం పక్కనే ఉన్నారు. నేను చదివి ఉంటే ఆయనే ఆవిడను క్షమించమని అడిగేవారేమో.

నిన్న ఇంటికి వెళ్లాను. ఆంటీ చాప మీద కూర్చున్నారు. పక్కన కూర్చుని పర్సులోంచి టేపు తీసి, “సూది తర్వాత సార్ మీకో మాట చెప్పారండి” అన్నాను. ఆవిడ పలకలేదు. నేను కూర్చున్నది ఎడమ పక్కన. లేచి అటువైపు వెళ్లి మళ్లీ చెప్పి, ఒక్కో మాటా చదివాను.

“మల్లొకసారి సదువు బిడ్డా” అన్నారు.

చదివాను. కుడి చెవి నా నోటి దగ్గర పెట్టి, వినిపించని ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, ఆవిడ విన్నారు.