మస్తాన్‌రావు బాబాయ్ కన్వర్ట్ చేసిన శుభలేఖ

మస్తాన్‌రావు బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఫోనులోకి పీడీఎఫ్ వచ్చిందంటే చాలు, దాన్ని వర్డ్ ఫైలుగా మార్చేదాకా ఆయనకి అన్నం సహించదు. మార్చాక ఊరుకుంటాడా అంటే, ఊరుకుంటే ఈ గోలంతా నాకెందుకు? అందులో తనకి నచ్చనివన్నీ దిద్ది, మళ్ళీ పీడీఎఫ్ చేసి, పంపినవాళ్ళకీ, పంపనివాళ్ళకీ, అసలు ఆ సంగతితో ఏ సంబంధమూ లేనివాళ్ళకీ పంపిస్తాడు. ఎవరైనా ఇదేంటని అడిగితే "మీకు శ్రమ తగ్గించానండి" అంటాడు. ఆయన తగ్గించిన శ్రమతో మా రేపల్లెలో సగం మంది మంచం పట్టారు.

నా బాధ మీకు అర్థం కావాలంటే నా పనేంటో చెప్పాలి. నా పేరు ఫ్లోరెన్స్. రేపల్లె బస్టాండు ఎదురు సందులో నాకొక డీటీపీ సెంటరు, దాని వెనకే చిన్న ప్రెస్సు ఉన్నాయి. శుభలేఖలు, గృహప్రవేశాలు, దినకార్యాల కార్డులు, చర్చి కరపత్రాలు అన్నీ చేస్తాను. నేను కళ్ళు పోయేలా కూర్చిన మేటరుని పీడీఎఫ్ చేసి పంపేదే, అందులో ఎవరూ వేలు పెట్టకూడదని. బాబాయ్ దృష్టిలో మాత్రం పీడీఎఫ్ అంటే రండి, వేలు పెట్టండి అని పిలుపు.

బాబాయ్ అంటాను గానీ ఆయన నాకు చుట్టమేమీ కాదు. బాపట్లలో ఏదో ప్రభుత్వాఫీసులో టైపిస్టుగా చేసి, రిటైరయ్యి, మా వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరో రాసింది ఉన్నదున్నట్టు కొట్టడమే. కామా మారిస్తే మెమో. ఆ ఉక్రోషమంతా రిటైరయ్యాక స్మార్ట్‌ఫోను మీదా, నా మీదా తీర్చుకుంటున్నాడు.

ఆయన ఫోనులో కన్వర్టరు యాప్‌లు ఉన్నన్ని, మా ఊళ్ళో కిరాణా కొట్లు కూడా ఉండవు. అన్నీ ఉచితమే. ఉచితం కాబట్టి ఫైలు తెరిచే ముందొక యాడ్, మారుతుండగా ఒకటి, మారాక ఇంకొకటి. మనమైతే మూల దాక్కున్న ఇంటూ గుర్తు కోసం వెతుక్కుంటాం. బాబాయ్ అలా కాదు. జుట్టు ఒత్తుగా పెంచే నూనె యాడ్‌ని కూడా బట్టతల నిమురుకుంటూ చివరిదాకా చూస్తాడు.

"తోసెయ్యచ్చు కదా బాబాయ్?"

"తప్పమ్మా. వాడి సొమ్ము తింటూ వాడి మాట వినకపోతే ఎలా?"

నేను వాడేవి పాతకాలపు డీటీపీ ఫాంట్లు. పీడీఎఫ్‌లో ముత్యాల్లా ఉంటాయి. ఫోనులో వర్డ్‌కి మార్చగానే టోపీలు, కొక్కేలు, చుక్కలు, ఏ దేశానివో డబ్బు గుర్తులు తెరనిండా రాలిపడతాయి. బుద్ధున్నవాళ్ళెవరైనా అక్కడితో దణ్ణం పెట్టేస్తారు. బాబాయ్ పెట్టడు. మొత్తం మొదట్నుంచీ మళ్ళీ ఎక్కిస్తాడు. వేలు నొప్పి పుడితే అరుగు మీద కూర్చుని ఫోనుకి చదివి వినిపిస్తాడు, అది రాసుకుంటుంది. పాపం ఆ ఫోనుకి బాబాయ్ గొంతూ ఒకటే, వీధిలో పోయేవాళ్ళ గొంతూ ఒకటే. ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని ఒక ఇంటివాళ్ళ గృహప్రవేశం కార్డులో "సత్యనారాయణస్వామి వ్రతం, అనంతరం పచ్చిరొయ్యలు, బొమ్మిడాయిలు, రండమ్మా రండి" అని పడింది అలాగే. ఆ గృహప్రవేశానికి వచ్చినంత జనం మా వీధిలో ఇంకే గృహప్రవేశానికీ రాలేదు.

మా లూథరన్ చర్చిని కూడా ఆయన వదల్లేదు. క్రిస్మస్ కార్యక్రమాన్ని నేను పట్టికలా కూర్చి పంపాను. బాబాయ్ చేతిలో గడులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, పాస్టరుగారి ప్రసంగం ఉన్న గడి మాయమైంది. ఆ కాగితమే పట్టుకుని కార్యక్రమం నడిపిన పెద్దలు ప్రసంగం లేకుండానే కేకు కోసేశారు. పాస్టరుగారు బాగా నొచ్చుకున్నారు. సంఘంలో మాత్రం "ఈ ఏడు ప్రోగ్రాం ఎంత బాగుందో" అన్నవాళ్ళే ఎక్కువ. వచ్చే ఏడాది కూడా ఆయనకే పంపించమని ఒక పెద్దమనిషి నా చెవిలో చెప్పిపోయాడు.

ఆఖరికి తన షుగరు రిపోర్టు కూడా దిద్దుకున్నాడు. ల్యాబువాళ్ళు పంపిన పీడీఎఫ్ విప్పి, అంకె తనకి నచ్చినట్టు వేసుకుని, భార్య రాధారాణి పిన్నికి చూపించాడు. పిన్ని పొంగిపోయి సేమ్యా పాయసం చేసింది. రెండో గిన్నె కూడా అయ్యాక ల్యాబు నుంచి డాక్టరుగారిని వెంటనే కలవమని ఫోనొచ్చింది.

"రిపోర్టు దిద్దితే ఒంట్లో షుగరు తగ్గుద్దా?" అని పిన్ని గరిటె పట్టుకుని అడిగింది.

"తగ్గదే. కానీ చూడ్డానికి ఎంత బాగుందో చూడు!"

అన్నిటికంటే ఘోరం వినోద్ కుమార్ అనే అబ్బాయి పెళ్ళి. పెళ్ళి తెనాలిలో, రిసెప్షను బాపట్లలో. బాబాయ్ మార్చిన కార్డులో ఊళ్ళు రెండూ ఒకదాని చోటికి ఒకటి వెళ్ళాయి. పెళ్ళిరోజు పొద్దున్నే పట్టుచీరలతో బాపట్లలో దిగినవాళ్ళకి తాళం వేసిన హాలూ, పళ్ళు తోముకుంటున్న వాచ్‌మనూ కనబడ్డారు. ఊరికే తిరిగిపోవడం బాగుండదని కొందరు అతని చేతిలోనే అక్షింతలు పోసి తెనాలి రైలెక్కారట.

"ఏంటి బాబాయ్ ఇది?" అని నేను ఏడవడమే తక్కువ.

"నేనేం చేశానమ్మా? కన్వర్ట్ అయ్యేటప్పుడు అక్షరాలు కాస్త కదులుతాయి" అన్నాడు. ఎప్పుడు నిలదీసినా ఆయన నోట్లోంచి వచ్చేది ఈ ఒక్క మాటే.

ఇంత ఘనచరిత్ర ఉన్న మనిషి నా కొట్లో బెంచీ మీద కూర్చుని ఉండగా ధనమ్మ కూతురి శుభలేఖ పని వచ్చింది. నా టైము అలా ఉంది మరి.

ధనమ్మది నిజాంపట్నం. ఎండుచేపల బుట్టతో బస్సెక్కి రేపల్లె వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. భర్త జ్వరంతో పోయేనాటికి కూతురు తేజస్విని చంకలో పిల్ల. ఆ బుట్ట మోసే ఆ పిల్లని చదివించింది. తేజస్విని ఇప్పుడు తెనాలిలో నర్సు. చీరాలలో బట్టల షాపున్న నిఖిల్‌తో సంబంధం కుదిరింది. ఆ రోజు ధనమ్మ మొహం చూడాలి, నడిచొస్తుంటే వెలుగొచ్చినట్టుంది.

ఆమె వెంట బావగారు వెంకటసుబ్బులు వచ్చాడు, అంటే తేజస్వినికి పెదనాన్న. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఏం చదువుతోందో అడిగాడో లేదో నాకు తెలియదు గానీ, కార్డు అనేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ధనమ్మ నిలబడింది.

"రాసుకోమ్మా. ఆహ్వానించువారు, శ్రీమతి అండ్ శ్రీ వెంకటసుబ్బులు. పెద్ద అక్షరాలు. రంగులో వేత్తే ఇంకా మంచిది."

"పెళ్ళికూతురి తల్లి పేరండి?"

"భలేదానివమ్మా! మొగుడు లేని మనిషి పేరు శుభలేఖ మీద వేత్తారా? పిల్ల బాగు చూసుకోవద్దా?"

ధనమ్మ కంగారుగా అందుకుంది. "నిజమేలేమ్మా, బావగారు చెప్పినట్టే కానీ." మళ్ళీ తనే అడిగింది. "ఎక్కడో అడుగున, సన్నక్షరాల్లో అయినా కుదరదా బావగారూ?"

"అడుగున వేసినా అరిష్టం అరిష్టమే."

"పోనీలెండి" అని బుట్ట మీద గుడ్డ సర్దుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేపలమ్మి పెంచడానికి అరిష్టం లేదు, పేరుకొచ్చిందట అరిష్టం! కానీ కార్డు చేయిస్తున్నది ఆయన, ఆయన చెప్పింది కొట్టడమే కదా నా పని.

అప్పుడు బెంచీ మీంచి బాబాయ్ లేచాడు. "వెంకటసుబ్బులుగారూ, ప్రూఫు నాకు కూడా పంపమనండి. తప్పులుంటే చూసిపెడతాను. నేను ఆఫీసులో చేసిందదే."

"వద్దండి, ఈయన సంగతి మీకు తెలీదు" అన్నాను.

"పెద్దాయన చూత్తానంటే మంచిదేగామ్మా" అంటూ వెంకటసుబ్బులు అక్కడికక్కడే మా ముగ్గురితో వాట్సాప్ గ్రూపు పెట్టేశాడు. పెళ్ళికూతురి తల్లి పక్కనే ఉంది, ఆమెని చేర్చాలని ఆయనకి తోచలేదు.

నేను కార్డు కూర్చి గ్రూపులో పెట్టాను. మర్నాడు బాబాయ్ దగ్గర్నుంచి "ఫైనల్" అని ఇంకో పీడీఎఫ్ వచ్చింది. మా కొట్లో ఒక పద్ధతుంది. కస్టమరు ప్రూఫు చూసి బొటనవేలు బొమ్మ పెడితే అచ్చుకి ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత ఏ తప్పుకీ మాది పూచీ కాదు. గోడ మీద బోర్డు కూడా రాయించాను. వెంకటసుబ్బులు కళ్ళజోడు పెట్టుకుంటే వయసు బయటపడుతుందని నలుగురిలో పెట్టుకోడు. ఆ ఫైలు వచ్చీ రాగానే బొటనవేలు పెట్టేశాడు.

ఈసారి ఏ ఊరు ఏ ఊరికి పోయిందోనని భయపడుతూ తెరిచాను. ఒక్క తప్పు లేదు. కామా కదల్లేదు. ముహూర్తం, వేదిక, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆహ్వానించువారు అన్నచోట మాత్రం మొట్టమొదట "శ్రీమతి ధనమ్మ" అని ఉంది. దాని కింద, అంతే సైజులో, వెంకటసుబ్బులు దంపతులు.

వెంటనే ఫోను చేశాను. "బాబాయ్, ఇదేంటి?"

"ఏముందమ్మా, కన్వర్ట్ అయ్యేటప్పుడు అక్షరాలు కాస్త కదులుతాయి."

"కదులుతాయి బాబాయ్. పుట్టవు."



"సన్నక్షరాలైనా చాలంది ఆ తల్లి, నువ్వూ విన్నావుగా" అన్నాడు. "వేసెయ్యమ్మా. తిట్లన్నీ నావి."

ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. బొటనవేలు ఉంది, బోర్డు ఉంది. వెళ్ళి మిషను ఆన్ చేశాను.

కార్డుల కట్టలు నిజాంపట్నం చేరాయి. వెంకటసుబ్బులు ఆచారం తప్పేవాడు కాదు. పై కార్డు తీసి, మూలలకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తీసుకెళ్ళి ఊరి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి మొక్కుకున్నాడట. ఆ తర్వాత ఇంటికొచ్చి, తలుపు దగ్గరికి వేసుకుని, కళ్ళజోడు తగిలించుకుని, తన పేరు ఎంత పెద్దగా పడిందో చూసుకుందామని ఇంకో కార్డు తెరిచాడట.

బండి మీద ఎలా వచ్చాడో తెలీదు, కాసేపటికే నా కొట్లో ఉన్నాడు. "ఎవరు వెయ్యమన్నారమ్మా ఈ పేరు?"

నేను బోర్డు చూపించాను. తర్వాత ఆయన బొటనవేలు చూపించాను. ఆయన గిర్రున బెంచీ మీదున్న బాబాయ్ మీదికి తిరిగాడు.

"అయ్యయ్యో" అన్నాడు బాబాయ్, ఏమీ ఎరగనివాడిలా. "ఈ ఫోను ఇంతేనండి. ఫైలు మార్చేటప్పుడు అది లోపలంతా వెతుక్కుంటుంది. వినోద్ కుమార్ పెళ్ళికి ఊళ్ళే మార్చేసింది. మీ కార్డు దగ్గరికొచ్చేసరికి పిల్లని పెంచిందెవరా అని వెతుక్కున్నట్టుంది."

"అదంతా నాకు తెలీదు. మళ్ళీ వేయించండి!"

"దానికేం, ఇప్పుడే మళ్ళీ కన్వర్ట్ చేస్తాను" అని బాబాయ్ ఫోను తీశాడు. నూనె యాడ్ మొదలైంది. "కాకపోతే ఈసారి ఎవరి పేరు మాయమవుద్దో నా చేతిలో లేదు. క్రిస్మస్‌కి పాస్టరుగారే పోయారు."

వెంకటసుబ్బులు చటుక్కున ఫోను మీద చెయ్యి వేశాడు. "ఆగండాగండి."

"ఇంతకీ ఒక కార్డు అమ్మవారి దగ్గర పెట్టారా?"

"పెట్టేశా."

"అయితే ఆవిడ చదివేసే ఉంటుంది. ఏమైనా అన్నదా?"

వెంకటసుబ్బులు నా వైపు చూశాడు. నేను కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తున్నాను.

"ఏవీ అన్లేదు" అన్నాడు చివరికి.

"ఆవిడకి కనబడని అరిష్టం మనకెలా కనబడిందండి? పైగా అమ్మవారికి ఒక కార్డిచ్చి ఊరికి ఇంకో కార్డు పంచితే, ఆవిడతో అబద్ధమాడినట్టు కాదూ?"

"మీ పేరు కూడా రంగులోనే పడిందండి" అని నేను అందించాను.

ఆయన కార్డు మళ్ళీ తెరిచి, ఈసారి నలుగురూ చూస్తుండగానే కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నాడు. "రంగు బానే వచ్చిందిలే" అని గొణుక్కుంటూ బండి తీశాడు.

ఆ వారంలోనే ధనమ్మ మళ్ళీ వచ్చింది. బుట్ట అదే, చేపలు లేవు. కొత్త తువ్వాలు పరిచి దాని మీద శుభలేఖలు పేర్చుకుంది. తను చేపలమ్మే ప్రతి ఇంటికీ వెళ్ళి పిలిచి వస్తోందట. బాబాయ్ ఎప్పటిలాగే బెంచీ మీదున్నాడు. ఆయనకి రెండు చేతులతో కార్డు అందించింది.

"అన్నయ్యగారూ, మా అమ్మాయి పెళ్ళండి. నేను పిలుత్తన్నా. వదినగారిని తీసుకుని తప్పకుండా రావాలండి." 'నేను' అన్నప్పుడు సందు చివరిదాకా వినబడేంత గట్టిగా అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఫోను పొరపాటంట కదండి?" అని అడిగింది.

"అవునమ్మా, వెధవ ఫోను."

"మంచి ఫోనండి" అంది ధనమ్మ నవ్వుతూ.

బాబాయ్ కార్డు విప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. ఏ అక్షరానికి వంక పెడతాడోనని నేను చూస్తున్నాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఎన్నేళ్ళుగానో ఎండుచేపలు మోసిన బుట్ట మరి, కార్డుకి ఆ వాసన నిండుగా పట్టేసింది.

"ఫ్లోరెన్సమ్మా, ఎన్ని యాప్‌లు పెట్టినా ఇది మాత్రం వర్డ్‌లోకి రాదు" అంటూ కార్డు మడిచి చొక్కా జేబులో గుండెకి ఆనేలా పెట్టుకున్నాడు.

ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలడం లేదని రాధారాణి పిన్ని ఇప్పటికీ తిడుతోంది. కార్డు అచ్చేసింది నేను కాబట్టి, తిట్టేది నన్నే.