మామ బిగించిన ఆరో రాడ్డు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు లారీ మీద వచ్చింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం కరీంనగర్‌లో మా హాస్టల్ గేటు ముందు టేకు దుంగల లోడుతో ఒక బండి ఆగింది. డ్రైవరు దిగి నా పేరు చెప్పి పిలిపించాడు. నన్ను చూడగానే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ మామ నిన్న మాపటికి పోయిండమ్మా. కామెర్లు ముదిరినయట. ఇచ్చోడ నుంచి ఇటు వచ్చే బండి నాదే ఉండె, అందుకని నాకు చెప్పిండ్రు," అన్నాడు. అంత దూరం ఆ ఒక్క మాట మోసుకొచ్చిన మనిషిని, మంచినీళ్లు తాగుతారా అని అడిగాను.

జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సులు మారి నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. అప్పటికి నాకు మామ మీద ఉన్నది ప్రేమ ఒక్కటే. పదో రోజు దాకా అదే ఉంది. ఈ నాలుగు మాటలు ఆ పదో రోజు తర్వాత రాస్తున్నవి. అందుకే ఇవి స్మృతికి రాసే మాటల్లా ఉండకపోవచ్చు.

మామ మా అవ్వకు తమ్ముడు; అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. లారీ డ్రైవరు. నిర్మల్ నుంచి నాగపూర్ దాకా రోడ్డులో ఏ మలుపు దగ్గర గేరు మార్చాలో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. సంతకం తప్ప అక్షరం రాదు. పని అయ్యాక పానాలను గుడ్డతో తుడిచి, గోనెపట్టా మీద చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పెట్టేవాడు. వాటిని ఎవరైనా దాటితే ఊరుకునేవాడు కాదు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దానివంకే చూస్తూ కూర్చునేవాడు. సాయంత్రం నేను కనబడగానే, "ఇయ్యాల బడిల ఏం మాట దొరికింది కోడలా?" అని అడిగేవాడు. ఒకసారి 'నిశితము' అని చెప్పాను. మర్నాడు పంక్చర్లు వేసేవాడిని, "నీ చూపు జర నిశితం తక్కువున్నది, టైరుల దిగిన మొల కనబడుతలేదా?" అని కోప్పడ్డాడట. ఆ మనిషి ఇది కొత్త తిట్టేమోనని బాపు దగ్గరికి వచ్చి అడిగాడు.

నాకు మాటల మీద ఇష్టం పుట్టింది బడిలో కాదు. నేను తెచ్చిన మాటను ఇలా ఎవరో ఒకరు రోడ్డు మీదికి తీసుకుపోతారన్న సంబరంలో పుట్టింది. ఇది నేను ఇప్పుడు కూడా కాదనను.

బాపుది రోడ్డు పక్కన కిరాణా దుకాణం. చేను అమ్మి మామతో కలిసి ఒక పాత డీజిల్ లారీ కొన్నాడు. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఇంజను నూనె తాగడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కుతుంటే వెనకంతా నల్లటి పొగ. నాగపూర్‌లో కార్ఖానాకు తీసుకుపోతే మూడు నెలలు ఆగమన్నారు. అప్పుడు మామ, ఇంజనును ఇంట్లోనే విప్పి బాగుచేద్దామన్నాడు. మా ఊళ్లో అంతకుముందు ఎవరూ డీజిల్ ఇంజనును అడుగుదాకా విప్పలేదు. మామ కూడా విప్పలేదు.

"పెట్రోలు బండ్లు విప్పిన గద బావా. గిదీ ఇనుమే," అన్నాడు బాపుతో. సీటు కింద పెట్టెలో బండితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "చదివేటోళ్లు మన ఇంట్లనే ఉన్నరు. ఫికర్ ఎందుకు?"

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. మా సారును అడిగి నిఘంటువు తెచ్చుకున్నాను. కట్టెల డిపో నుంచి గొలుసు కప్పీ తెచ్చి, మూడు టేకు వాసాలను పైన కలిపి కట్టి, ఇంజనును మా వాకిట్లోకి దింపారు. అవ్వ మిరపకాయలు ఎండబోసే చాపలు పరిచి వాటి మీద సామాన్లు వరుసగా పెట్టాం. ఆరు పిస్టన్లు, వాటిని కింది క్రాంకుకు కలిపే ఆరు రాడ్లు. ఏది ఏ సిలిండరు గదిలోదో సుద్దతో అంకెలు వేశాను. బడి నుంచి వచ్చాక వాకిట్లో పీట వేసుకుని ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగు చేసి చెప్పేదాన్ని. మామ విని, అదే వాక్యాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి, అప్పుడు గాని చేయి పెట్టేవాడు కాదు. ఆ రాడ్లు తిప్పే ఇరుసు, క్రాంకును, సానపట్టించడానికి దుప్పట్లో చుట్టి నాగపూర్ పోయే బండిలో పంపితే, అది నునుపై తిరిగి వచ్చింది. దానితో కొత్త బేరింగు చిప్పలు వచ్చాయి. ఒక్కో రాడ్డుకు రెండు, అరచేతిలో పట్టేంత, సగం గాజుల్లా వంగి ఉన్నవి. ప్రతి చిప్పకూ అంచున చిన్న నాలుక ఉంటుందనీ, అది గాడిలో కూర్చున్నాకే బిగించాలనీ, లేకుంటే చిప్ప చెడిపోతుందనీ పుస్తకంలో ఉంది. అది రెండుసార్లు చదివించుకున్నాడు.

చిక్కు వచ్చింది బోల్టుల దగ్గర. రాడ్డు బోల్టులు ఎంత బిగించాలో పుస్తకంలో అడుగులు, పౌండ్లు కలిపిన లెక్కలో ఉంది. అది చూపే పానా మా దగ్గర లేదు. చేతి బలంతో బిగిస్తానన్నాడు మామ. నేను వద్దన్నాను. మాకు అప్పుడే తులాదండం పాఠం అయింది. అడుగు పొడవున్న కడ్డీ చివర ఇన్ని పౌండ్లు వేలాడదీస్తే ఎంత బిగువో, మూడడుగుల కడ్డీకి అందులో మూడోవంతు బరువు చాలు. పౌండ్లను కిలోలు చేశాను. ఇంజనును పక్కకు వాల్చి, పానాకు మూడడుగుల గొట్టం తొడిగి, దాని చివర బాపు దుకాణంలోని తూనిక రాళ్లు సంచిలో వేసి వేలాడదీశాం. గొట్టం అడ్డంగా నిలిచి ఇక కిందికి దిగకపోతే ఆ బోల్టు సరిగ్గా బిగిసినట్టు. మొదటి బోల్టుకు గొట్టం అలా నిలబడ్డప్పుడు మామ నా వంక చూసి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది. "గీ లెక్క ఎవనికి వస్తది బావా, నాగపూర్ల?" అన్నాడు. బాపు ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్లకు రాళ్లు ఎందుకు లేవో అడగకముందే చెప్పాడట.

దసరాకు బండ్లకు పూజ చేస్తాం కదా. దసరా నాడే ఇంజను స్టార్టు చేస్తానని మామ ఊరంతా చెప్పుకున్నాడు. జమ్మి పెట్టడానికి వచ్చేవాళ్లందరి ముందు. ఐదు రాడ్లు నేను ఉండగానే బిగించాం. ఆరోది బిగించేనాడు నాకు మూడు నెలల పరీక్ష. నేను వచ్చేసరికి అయిపోయింది. రాళ్లు వేలాడదీశావా మామా అని అడిగితే, "నువ్వు చెప్పినట్టే," అన్నాడు.

దసరా నాడు ఇంజను రెండో తిప్పుకే అందుకుంది. జనం కేకలు వేశారు. అవ్వ కొబ్బరికాయ కొట్టింది. మామ మాత్రం ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఒక్కో గదినీ విన్నాడు. ఆరోదాని దగ్గర చాలాసేపు విన్నాడు. నేను అది మురిపెం అనుకున్నాను.

రెండు వారాలకు నిర్మల్ ఘాట్ ఎక్కుతుంటే, దుంగల లోడు మీద, ఆరో రాడ్డు విరిగి ఇంజను పక్క పగలగొట్టుకుని బయటికి వచ్చింది. మామకు దెబ్బ తగల్లేదు. సాయంత్రం ఇంకెవరి బండిలోనో వచ్చి, రెండు ముక్కలైన బోల్టు ఒకటి బాపు చేతిలో పెట్టాడు. అన్ని ముక్కల్లో ఆ ఒక్కటే తెచ్చాడు.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బోల్టు ఎంత బిగించాలెనో లెక్క ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

నేను పీట మీద కూర్చుని ఉన్నాను. మామ వచ్చి నా తల మీద చేయి పెట్టాడు. "పోనీ బావా. పిల్లకేం తెల్సు. పరేషాన్ చెయ్యకు దాన్ని."

ఆ చేతి కింద నేను ఎంత ఏడ్చానో. ఇంత నష్టం చేసినా నన్ను ఒక్క మాట అనని మనిషి అనుకున్నాను. పక్క పగిలిన ఇంజనుతో బండి అయినకాడికి పోయింది. చేను ముందే పోయింది. మామ మళ్లీ వేరేవాళ్ల బండి ఎక్కాడు. తొమ్మిది పూర్తయ్యాక బాపు నన్ను ఆ సంవత్సరం పదో తరగతికి పంపలేదు. తిట్టలేదు, కొట్టలేదు. "సదివింది సాలు," అన్నాడు, అంతే. దుకాణంలో చింతపండు తూస్తూ, తూకం వేసిన ప్రతిసారీ నా లెక్క మళ్లీ చేసేదాన్ని. పొట్లాల కాగితం మీద, నేల మీద, చేతి మీద. ఎన్నిసార్లు చేసినా అదే జవాబు. జవాబు సరిగ్గా రావడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎక్కడ తప్పానో కూడా కనబడనంత మొద్దునా అనుకున్నాను.

ఆ ఏడాది నన్ను నిలబెట్టింది మామే. నిర్మల్‌లో సామాను చుట్టి ఇచ్చిన పాత వారపత్రికలు ముడతలు తీసి తెచ్చిచ్చేవాడు. వచ్చే ఏడు నన్ను బడికి పంపమని బాపుతో వారం రోజులు పోట్లాడాడు. "తప్పు చెయ్యకుంట ఎవలు నేర్సిండ్రు బావా," అన్నాడు. తర్వాత కరీంనగర్ కాలేజీకి నా ట్రంకుపెట్టె తను నడిపే బండి మీదే తెచ్చి దింపాడు. దిగేటప్పుడు ఏదో చెప్పబోయి, "మంచిగ తిను," అన్నాడు.

పదో రోజు భోజనాల్లో ఆయన స్నేహితులైన డ్రైవర్లు ఒక వరుసలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన ఒకరు ఉన్నారు, మేమంతా చాచా అంటాం. మామతో ఇరవై ఏళ్ల స్నేహం. మామ పనితనం గురించి ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతుంటే చాచా వంతు వచ్చింది.

"గా ఇంజను యాదికున్నదా, ఈళ్ల వాకిట్ల విప్పింది? ఆఖరు రాడ్డుకు చిప్ప గాడిల కూసోకముందే బిగించిండు. లొట్టపడ్డది. దసరాకు నాలుగు దినాలే ఉండె. నాగపూర్ నుంచి ఇంకోటి రావాల్నంటె వారం. ఏం జేసిండు చెప్పు? అరిగిన పాత చిప్పనే తీసి, నా సిగరెట్ డబ్బిల ఉన్న వెండికాయితం అడిగిండు. మడతలు పెట్టి చిప్ప కింద ఏసి బిగించిండు. రెండు వారాలు నడిచింది యార్, లోడు మీద. ఎవ్వనితోటి అయితది?"

అందరూ నవ్వారు. చాచా కళ్లు తుడుచుకున్నాడు. ఆయన చెప్పింది పొగడ్తే. అడవి రోడ్లలో బేరింగు వదులైతే, దగ్గరి ఊరు చేరేదాకా డ్రైవర్లు అలా వెండికాగితం పెట్టి నడిపిస్తారు. అది ఊరు చేరడానికే, లోడు ఎత్తి ఘాట్ ఎక్కడానికి కాదు. ఈ సంగతి ఆ వరుసలో అందరికీ తెలుసు. దాని నింద ఎవరి మీద పడిందో మాత్రం ఎవరికీ తెలియదు. నేను పప్పు గిన్నెతో నిలబడి ఉన్నాను. బాపు విస్తరి ముందు చేయి ఆపి, తల ఎత్తకుండా ఉన్నాడు.

తర్వాత అత్తమ్మను అడిగాను, నా గురించి మామ ఏమైనా అన్నాడా అని. "మంచంల వడ్డంక రోజూ అన్నడు బిడ్డా. కోడలి లెక్క మంచిదే, లెక్క మంచిదే అనెటోడు. నాకేం సమజ్ కాలే," అంది. అత్తమ్మకు చెప్పాడు. గోడకు చెప్పాడు. నాకు చెప్పలేదు.

దొంగిలించిన మనిషి తిరిగి తెచ్చిస్తే కృతజ్ఞత చెప్పాలా? నా చదువు ఆపింది ఆయన మౌనం. నడిపించింది ఆయన మాట. చెయ్యని తప్పుకు నన్ను క్షమించాడు. ఆ క్షమను నేను మూడేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగాను. దాన్ని ఇప్పుడు ఎవరి చేతికి తిరిగి ఇవ్వాలి? బాపుకు భయపడ్డాడనుకుంటాను. ఊరంతా చూసిన దసరా అబద్ధమైపోతుందని సిగ్గుపడ్డాడనుకుంటాను. ఇవి అర్థమవుతాయి. అర్థమైనంత మాత్రాన మంట చల్లారదని కూడా ఇప్పుడే తెలుస్తోంది. ఆయన నేర్పిన శ్రద్ధతోనే ఇది రాస్తున్నాను. ఒక్కో వాక్యం చదువుకుని, తిరిగి చెప్పుకుని, అప్పుడు గాని చేయి పెట్టడం లేదు.

కాలేజీ పత్రికకు పంపేముందు దీన్ని ఇంట్లో చదివి వినిపించాను. అవ్వ గుమ్మంలో కూర్చుని కొంగు నోటికి పెట్టుకుని వింది. "తమ్ముడు పోనే పోయిండు. గిది రాయకుంటే ఏం పోతదే?" అంది. నేను కాగితాలు మడవబోయాను. మంచం మీదున్న బాపు, "సదువనీయ్," అన్నాడు.

చదివాను. గొట్టం, తూనిక రాళ్లు, మూడోవంతు బరువు దగ్గరికి వచ్చేసరికి బాపు చేయి ఎత్తాడు. "గా లెక్క మల్ల చెప్పు," అన్నాడు. చెప్పాను. ఆయన మంచం పట్టె మీద వేలితో గీస్తూ నా వెంటే లెక్కించాడు. అడుగులు, పౌండ్లు, కిలోలు. ఒకచోట వెనకబడితే ఆగాను. మళ్లీ అందుకున్నాడు. జవాబు దగ్గరికి వచ్చి, దాన్ని నాకంటే ముందే పైకి అన్నాడు. వేలు అక్కడే ఉంచి, ఎంతసేపటికీ తీయలేదు.