రంగప్ప పోగొట్టని కాగితం

ఒక మనిషి తాను చెయ్యని తప్పును తనదే అనుకుంటూ బతికి, అలా అనుకుంటూనే చనిపోయాడు. ఆ తప్పు నాది. ఇన్నేళ్ళుగా అది నాలోనే ఉండిపోయింది. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నబిడ్డలకు చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచి, గుక్కెడు నీళ్ళు తాగి, వేరే సంగతి మాట్లాడిన సందర్భాలు ఎన్నో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగవద్దు.

మాది ఆదోని. నాన్న ఒక పత్తి మిల్లులో గుమాస్తా. నా స్నేహితురాలు కమలది ఎమ్మిగనూరు. వాళ్ళ నాయన రంగప్ప మగ్గం నేసేవాడు. మేమిద్దరం బళ్ళారిలో ఒకే కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివాం. క్లాసు మొత్తానికి ఆడపిల్లలం ఐదుగురం. నేను మేనమామ ఇంట్లో ఉండేదాన్ని, ఆమె దూరపు చుట్టాల ఇంట్లో. లెక్కలు నాకు ఎక్కేవి కావు. కమల చెప్పేది. ఒకే లెక్క మూడుసార్లు అడిగినా విసుక్కునేది కాదు, కొత్తగా చెబుతున్నట్టే మళ్ళీ మొదలుపెట్టేది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసినదానికి ఆమె వైపు నుంచి ఒక్క కారణం కూడా లేదని మీకు తెలియాలి.

ఆ చదువు సాగుతుండగానే రాష్ట్రం విడిపోయింది. బళ్ళారి మైసూరు వైపు పోయింది, మా ఆదోని తాలూకా ఆంధ్రలోకి వచ్చింది. అక్కడ చదివిన చదువు రేపు ఇక్కడ చెల్లుతుందో చెల్లదో అని అందరికీ ఒకటే అనుమానం. ఎండాకాలం సెలవుల్లో మా నాన్న తేల్చేశాడు. రెండో సంవత్సరం ఇటువైపు కాలేజీలో చేరాలి. "సీటొస్తే సదువు. రాకుంటే ఇంట్లో ఉండు. మళ్ళా ఆ పక్క పంపేది లేదు" అన్నాడు. కమల వాళ్ళ చుట్టాలు బళ్ళారి వదిలి వెళ్ళిపోతున్నారు. ఆమెకు అక్కడ ఉండటానికి చోటే లేదు. నాకు కనీసం మేనమామ ఇల్లు ఉంది. ఏడ్చి బతిమాలితే నాన్న మెత్తబడేవాడేమో. నేను బతిమాలలేదు. ఎందుకు బతిమాలలేదు? అంతకంటే సులువైన దారి ఒకటి దొరికింది కాబట్టేనా?

ఇద్దరం ఒకే కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్నాం. ఆ ఊరి పేరు రాయను. నేను నాన్నతో రైల్లో వెళ్ళి స్వయంగా ఇచ్చి రావాలని అనుకున్నాం. కమల కూడా రావాల్సింది, కానీ వాళ్ళమ్మకు టైఫాయిడు. మంచం దగ్గర నుంచి కదలడానికి లేదు. అందుకని ఆమె కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి తండ్రి చేత పంపింది. ఆదోనిలో కొట్టుకు తాను నేసిన చీరలు ఇవ్వడానికి బస్సులో వచ్చిన రంగప్ప, మూటను మా అరుగు మీద దించి, కవరును రెండు చేతులతో నాకు అందించాడు.

"బద్రం పాపా. మా కమల పానమంతా దీన్లోనే ఉండాది" అన్నాడు.

సరే మామా అన్నాను. ఆ క్షణాన నా మనసులో ఏ చెడూ లేదు. అది నిజం. కానీ ఆ నిజం ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది?

కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను. నాన్న బయట ఎవరో ఆదోని మనిషి కనబడితే మాటల్లో పడ్డాడు. గుమాస్తా నా కాగితాలు చూసి, సరిపోయాయన్నాడు. రెండో కవరు చూపించి, ఇది నా స్నేహితురాలిది అన్నాను.

"ఇద్దరు ఆడపిల్లలా? హాస్టల్లో ఒక్క మంచమే ఖాళీ ఉందమ్మా. ఎవరి మార్కులు ఎక్కువుంటే వాళ్ళకిస్తారు" అన్నాడు. తర్వాత కవర్లోని కాగితాలు తిరగేసి, "ఈ అమ్మాయివి చాలా బాగున్నాయే!" అన్నాడు. వరుస తప్పి ఉన్నాయని వాటిని వెనక్కిచ్చాడు. దరఖాస్తు పైన, మార్కుల జాబితా తర్వాత, టి.సి. కింద పెట్టి తీసుకురమ్మన్నాడు. నా వెనక నిలబడ్డ మనిషిని ముందుకు పిలిచాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మూడు కాగితాలు. వాటిని వరుసగా పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? నేను చాలాసేపు కూర్చున్నాను. చెవిలో గుమాస్తా మాటే మోగుతోంది. ఈ అమ్మాయివి చాలా బాగున్నాయే. నా కాగితాలు చూసి ఆయన అలా అనలేదు. ఇంట్లో కూర్చోవలసి వస్తుందన్న భయంతో చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది, కాదనను. కానీ దానికంటే ముందు పుట్టింది ఓర్వలేనితనం. నాకు లెక్కలు నేర్పిన పిల్ల నాకంటే ఎక్కువ అని ఒక ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క చూపులో కనిపెట్టేశాడు. అది నేను తట్టుకోలేకపోయాను.

టి.సి. తీసి నా నోటుపుస్తకంలో పెట్టుకున్నాను.

గుమాస్తా మళ్ళీ చూసి, "టి.సి. లేదేం?" అన్నాడు. ఇందాక తిరగేసినప్పుడు మార్కులే చూశాడు గానీ, అది ఉందో లేదో గమనించినట్టు లేదు.

"తెలీదు సార్. వాళ్ళు ఇచ్చింది ఇంతే."

ఆయన దరఖాస్తు అంచున ఎర్ర సిరాతో ఏదో రాశాడు. "పది దినాల్లో పంపిస్తే చూస్తారు. లేకుంటే లేదు. మరిచిపోకుండా చెప్పు ఆ పిల్లకు" అన్నాడు.

పది దినాలు. చూశారా, నాకు అవకాశం ఇచ్చారు. అది ఒక్క నిమిషపు పాపమైతే ఆ నిమిషాన్ని తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాది పది దినాల పాపం. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ చేశాను, అన్నం తింటూ చేశాను, అమ్మతో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ చేశాను. ఎవరైనా గడప తొక్కితే చేతిలో పని వదిలి చూసేదాన్ని. రంగప్పేమో, కమలేమో, అడుగుతారేమో. అడిగితే బాగుండునని కూడా అనిపించేది. ఎవరూ రాలేదు.

ఏడో రోజు ఉండబట్టలేక, కమలను చూసొస్తానని అమ్మతో చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను. నోటుపుస్తకం ఒళ్ళో ఉంది. ఏం చెప్పాలో దారంతా తయారు చేసుకున్నాను. 'నీ టి.సి. నా పుస్తకంలోకి ఎట్లా వచ్చిందో వచ్చింది, ఇప్పుడే చూసినా, ఈ పొద్దే రిజిస్టరు పోస్టులో పంపు.' అంతే. అబద్ధమే, కానీ ఆమె చదువు నిలబెట్టే అబద్ధం. ఆమె నమ్మేది. నవ్వి నెత్తిన మొట్టేది.

వాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. రంగప్ప మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి మగ్గం ఆడించే చెయ్యి ఆపాడు. వాళ్ళమ్మకు జ్వరం తగ్గింది, గోడకు ఆనుకుని కూర్చుంది. కమల పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మూల ఒక కొత్త రేకు పెట్టె ఉంది. దాని మీద తెల్ల రంగుతో ఆమె పేరు రాయించి ఉంది. రంగప్ప వెనకే వచ్చి, దండెం మీది నుంచి ఒక చీర తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇట్లాంటిదే కమలకూ నేసినా పాపా. ఇద్దరూ ఒకే అంచు కట్టుకోని కాలేజికి పోండి" అన్నాడు.

"అన్నీ సరిగ్గా ఇచ్చినావు కదే?" అంది కమల. అనుమానంతో కాదు. సంతోషం పట్టలేక, ఆ మాట నా నోట వినడానికి.

"ఇచ్చినా" అన్నాను.

ఆ చీర చూసి సిగ్గుతో నోరు రాలేదని అనుకోకండి. అంత మంచిదాన్ని కాదు నేను. నన్ను ఆపింది ఆ పెట్టె. ఆమె ఆ పెట్టె మోసుకుని రైలెక్కుతుంది, నేను ఇంట్లో బియ్యంలో రాళ్ళేరుతుంటాను. అది నాకు అప్పుడే కళ్ళకు కట్టింది. వాళ్ళు పెట్టిన బొరుగులు తిన్నాను. చీర తీసుకున్నాను. పుస్తకం తెరవకుండానే తిరుగు బస్సెక్కాను. ఆ చీర నేను ఒక్కసారి కూడా కట్టలేదు. మా అక్క అడిగితే ఇచ్చేశాను.

పదకొండో రోజు పొద్దున స్నానానికి నీళ్ళు కాగుతుంటే, టి.సి.ని ఆ పొయ్యిలో వేశాను.

నాకు సీటు వచ్చింది. కమలకు రాలేదని కార్డు వచ్చింది. టి.సి. లేనందువల్ల, అని అందులో ఉందట. ఆ కార్డు పట్టుకుని తండ్రీ కూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. నాన్న మిల్లుకు పోయి ఉన్నాడు. కమల కళ్ళు వాచి ఉన్నాయి. రంగప్ప అరుగు మీద కూడా కూర్చోలేదు, ఎండలోనే నిలబడ్డాడు.

"మామా, లోపలికి రాండి" అన్నాను.

"వద్దులే పాపా. ఒక్క మాట అడిగి పోతాం. ఆ పొద్దు నేను నీకు కవరిచ్చినా కదా. అంతకుముందు బస్సులో దాన్ని ఇప్పి సూసినా. నాకు అచ్చరాలు రావు. మా బిడ్డ పేరుమింద ముద్రలు యెట్లుండాయో సూద్దామని ఆశ పుట్టె. ఆస్పత్రి కాడ బస్సు ఎగిరె. అప్పుడే జారిపోయుంటాది. నువ్వు సూసేటప్పటికి ఎన్ని కాగితాలుండె తల్లీ?"

నేను ఆయన మొహం చూడలేదు. ఆయన కాళ్ళు చూశాను. చెప్పులు లేవు.

"రెండు" అన్నాను.

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపాడు.

"అయితే నా సేతుల్లోనే పోయింది" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "నేనే పోగొడితి కమలా" అన్నాడు.

"పోనీలే నాయనా. యాడుండాదో యాడ పడిందో. నువ్వేం కావాలని సేసినావా?" అని కమల ఆయన భుజం పట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వన్నా పోతాండావు. అది సాలు" అంది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గడపలో నిలబడ్డాను. పిలిస్తే వినిపించే దూరమే.

రంగప్ప బళ్ళారికి మూడుసార్లు తిరిగాడు. టి.సి.కి నకలు ఇవ్వాలంటే ఎవరెవరో సంతకాలు పెట్టాలన్నారు. ఆ సంతకాలన్నీ అయ్యేసరికి దసరా వచ్చింది. ఇంకో ఏడు చూద్దామనుకున్నారు. ఈలోపల వాళ్ళమ్మ ఆరోగ్యం పూర్తిగా పాడైంది. ఆ ఇంకో ఏడు రానే లేదు. కమల ఇంట్లోనే ఉండి మగ్గానికి నూలు కండెలు చుట్టింది. మొదట్లో నాకు ఉత్తరాలు రాసేది. 'క్లాసులో చెప్పింది రాసి పంపు, నేను ఈడనే చదువుకుంటా' అని. రెండుసార్లు పంపాను. తర్వాత మానేశాను. ఆమె లెక్కలన్నీ సరిగ్గా చేసి నాకే తిప్పి పంపుతుంటే ఓర్చుకోలేకపోయాను. చూడండి, అప్పటికీ నాలో ఆ గుణం చావలేదు.

నేను ఏడాది పాటు ఆ హాస్టలు మంచం మీద పడుకున్నాను. పాసయ్యాను. ట్రైనింగు చేసి పంతులమ్మనయ్యాను. ఎవరైనా ఆడపిల్ల చదువు మానేస్తానంటే వాళ్ళ ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో వాదించి తీసుకొచ్చేదాన్ని. అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఎంతమందిని తెచ్చినా ఒక్కరు తక్కువే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, శ్రావణంలో ఉరుకుంద గుడి తేరుకు వెళ్ళాను. జనంలో ఎవరో వెనక నుంచి నా జడ లాగారు. కమల. చంకలో బిడ్డ. నన్ను చూసి ఎంత సంతోషపడిందో! నా ఉద్యోగం సంగతి అడిగింది, వాళ్ళ ఆయన సంగతి చెప్పింది. వీధిలో పిల్లలను సాయంత్రం పూట కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పుతున్నానంది. మీ నాయన ఎట్లున్నాడని అడిగాను.

"పోయిన సంకురాత్రి ముందర సచ్చిపోయినాడు. నీకు తెలీదా?" అంది. "ఒకటి సెప్తా, నవ్వగాకు. ఆ టి.సి. పోయినప్పటి సంది మా నాయన కాగితం ముట్టలేదే. పోస్టుమ్యాను జాబు తెచ్చిచ్చినా, 'కింద పెట్టప్పా, మా పాప వచ్చి తీసుకుంటాది' అనేవాడు. ఎన్నిసార్లు సెప్పినానో, నీ తప్పు కాదు నాయనా అని. వినల్యా."

నేను ఏం చేశానో చెప్పాలి కదా. బిడ్డ బుగ్గ నిమిరాను. బస్సుకు టైమైందన్నాను.

అది జరిగి కూడా చాలా కాలమైంది. కమల ఉంది. అదే ఊళ్ళో, అదే వీధిలో. ఎప్పుడైనా వెళ్ళి చెప్పి ఉండవచ్చు. ఇన్నేళ్ళూ బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఇది ఆమె చదువుతుందో లేదో తెలియదు. చదివితే నా పేరు లేకపోయినా మా ఊళ్ళ పేర్లు రాగానే గుర్తుపడుతుంది. క్షమించమని అడగాలా? చాలాసార్లు ఆలోచించాను. అడిగితే, ఆమె గుణం నాకు తెలుసు, వెంటనే ఇచ్చేస్తుంది. అంటే మళ్ళీ ఆమె దగ్గర ఒకటి తీసుకున్నట్టే అవుతుంది. నేను తీసుకున్నది చాలు. అడగను.

కమలా, ఆ కవర్లో మూడు కాగితాలూ ఉన్నాయి. మూడోది నేనే తీశాను.

రాసేశాను. ఇంతకాలం ఈ రెండు వాక్యాలు రాయడానికే భయపడ్డాను.