ఫైర్ స్టేషన్ మీద పత్తి

క్రిస్మస్‌కు వారం ముందు ఒక సాయంత్రం కృపావతి తన గడప ముందు నిలబడి, పాటలు పాడడానికి వచ్చిన చర్చి వాళ్ల చేతుల్లోని కొవ్వొత్తులను ఊది ఆర్పేసింది. నోటికి అందినవి నోటితో, అందనివి కొంగుతో. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆపాలని తట్టలేదు. డప్పు పట్టుకున్నతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పాట మధ్యలో తెగింది.

నంద్యాల చర్చి కుటుంబాల్లో డిసెంబరులో పాటల బృందం ఇంటికి రావడం ఒక గౌరవం. వాళ్లు మెట్లెక్కి వస్తుంటే ఇంటామె తలుపు బార్లా తీసి ఉంచాలి. లోపలికి పిలవాలి. పాస్టరు ప్రార్థన చేస్తాడు, టీ ఇస్తారు, ఇంకో ఇంటికి పోతారు. కృపావతి తలుపు లాగి మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఏందిమే, సైతాను గాని పట్టిందా నీకు?" అంది పక్కింటి జీవమ్మ.

"పాట కిందికి పోయి పాడుకోండి. ఈడ వద్దు," అంది కృపావతి.

పాస్టరు దేవదానం ముందుకొచ్చాడు. "అమ్మా, కొత్తిల్లు. ప్రార్థన చేసి పోతాం. రెండు నిమిషాలు."

"వద్దయ్యగారూ."

ఆ బృందంలో జీవమ్మ కొడుకు వినీత్ కూడా ఉన్నాడు. అతను కింది ఫైర్ స్టేషన్‌లోనే ఫైర్‌మన్. అతని చూపు కృపావతి ముఖం మీద లేదు, ఆమె జుట్టు మీద ఉంది. చెవి పక్కన తెల్లగా ఏదో అంటుకొని ఉంది. తలుపు కింది సందులోంచి అలాంటిదే ఇంకొంచెం బయటికి వచ్చి గాలికి కదులుతోంది.

"అక్కా, లోపల ఏముంది?"

కృపావతి కాలు జరిపి ఆ సందును చీర కుచ్చిళ్లతో కప్పింది.

ఆ రోజు దాకా ఆమె గురించి పదిమందీ చెప్పుకోవాల్సిన విశేషం ఏమీ లేదు. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో పుట్టింది. తల్లి వెంట పత్తి తీయడానికి పోయి అక్కడే పెరిగింది. భర్త అబ్రహాము ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లలో రాయి నునుపు పట్టేవాడు. ఆ దుమ్ము రొమ్ముకు చేరి చిన్న వయసులోనే పోయాడు. కూతురు మంజులను చదివించాలని కృపావతి నంద్యాల వచ్చి ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వంటకు కుదిరింది. మంజుల ఇప్పుడు కర్నూలులో నర్సింగ్ చదువుతోంది.

ఇన్నేళ్లూ ఆమె ఉన్నవి అద్దె గదులే. నీళ్లు ఎక్కువ వాడుతోందని ఒకరు ఖాళీ చేయించారు. ఇంట్లో ప్రార్థనలు పెడుతోందని ఒకరు, కొడుక్కి పెళ్లి కుదిరిందని ఇంకొకరు. మంజుల సెలవులకు వస్తే ఇంటి ఓనరును అడిగి మరీ పడుకోబెట్టాల్సి వచ్చేది.

ఊరి నడిమధ్య కొత్త ఫైర్ స్టేషన్ కట్టేటప్పుడు దాని మీద అద్దె ఇళ్లు కూడా కడతారంటే చాలామంది నవ్వారు. మార్కెట్ పక్కన అంత ఖరీదైన జాగాను రెండు బండ్లు నిలబెట్టడానికి వదిలేయడం దండగని లెక్క వేసిన వాళ్లెవరో మంచి లెక్కే వేశారు. కింద బండ్లు, పైన మూడంతస్తులు. కొన్ని ఇళ్లు స్టేషన్ సిబ్బందికి, మిగిలినవి ఊళ్లో పనిచేసే తక్కువ జీతాల వాళ్లకు. అందరి ముందూ డ్రా తీశారు. రెండో అంతస్తులో ఒక గది, వంటగది, సొంత బాత్‌రూము కృపావతికి వచ్చాయి. తాళం చేతికిచ్చినప్పుడు ఆమె దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెడలోని దారానికి కట్టుకుంది.

స్టేషన్ ఆఫీసరు ఇంద్రజ ముప్పై దాటని మనిషి. జనం ఇళ్లల్లో చేరిన రోజే అద్దెదారులందరినీ కింద బండ్ల పక్కన నిలబెట్టి మాట్లాడింది. "వరండాలో పొయ్యి పెడితే తీసి పారేస్తాను. ఇంట్లో సరుకు నిల్వ పెడితే ఇల్లు పోతుంది. పైవాళ్ల ఆర్డరు అది, నేను ఆపాలన్నా ఆపలేను. మేం మంటలు ఆర్పడానికి ఉండాం, మంట కింద పండుకోవడానికి కాదు."

అందరూ నవ్వారు. కృపావతి నవ్వలేదు. అక్షరం పొల్లుపోకుండా గుర్తు పెట్టుకుంది.

నవంబరు చివర ఆదినారాయణ వచ్చాడు. ఆమె, ఆమె తల్లి కూలికి పోయిన చేలు ఆయనవే. అబ్రహాముకు ఊపిరి ఆడని రోజు తన జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది కూడా ఆయనే. తెల్ల పంచె, కళ్లద్దాలు. ఎప్పుడూ ఆమె గుమ్మం తొక్కని మనిషి కుర్చీలో కూర్చొని నీళ్లు తాగాడు. కిటికీ దగ్గరికి పోయి కిందికి చూశాడు. ఎర్ర బండి ముక్కు కనిపిస్తోంది.

"బాగుండాది కృపా. మంచి తావు దొరికింది నీకు."

"ఏదో అన్నా, దేవుని దయ."

"పోయిన సంవత్సరం నా ఇల్లు పోయింది తెలుసు గదా."

తెలుసు. ఆ వైపు రైతులు రేటు పెరిగే దాకా పత్తిని ఇంట్లోనే పోసుకుంటారు. నడవ నిండితే పడకింట్లో, పడకిల్లు నిండితే వంటింట్లో. ఆదినారాయణ ఇంట్లో కరెంటు తీగ నుంచి రవ్వ రాలింది. ఫైరింజన్ బయల్దేరి పల్లె చేరేసరికి గోడలే మిగిలాయి. ఆ రాత్రి నుంచి ఆయనకు నిద్ర సరిగ్గా లేదని ఊళ్లో అనుకుంటారు.

"ఈ తూరి పత్తి యాడ పెట్టాల్నో దిక్కు తోయకుండాది," అన్నాడు. "నిన్న బస్సులో పోతాంటే నీ ఇల్లు కనపడింది. కిందనే రెండు ఇంజన్లు. రాత్రీ పగలూ మనుషులు. ఇంతకంటే భద్రం యాడుంటాదో నువ్వే చెప్పు."

కృపావతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కిటికీ రెక్క దగ్గరికి లాగింది.

"అన్నా, ఈడ అట్టాటివి పెట్టకూడదంట. ఇల్లు తీసేసుకుంటారు."

"ఎవురు చూస్తారు? సంక్రాంతి లోపల తీసేస్తా. నీ పిల్ల నాయనను ఆ పొద్దు జీపులో పండుకోబెట్టుకొని పోయినప్పుడు నేనేమన్నా అడిగితినా?"

గట్టిగా అనలేదు. బెదిరించలేదు. ఆయన కళ్లల్లో నిజమైన భయం ఉంది, అదే ఆమెకు కష్టమైంది. ఆమె ఊ అనలేదు, ఊఁహూ అనలేదు. ఆయనకు అది చాలింది.

రెండు రోజుల తర్వాత గడివేముల వైపు గడ్డివాములు అంటుకున్నాయని రెండు బండ్లూ పోయాయి. అవి సందు మలుపు తిరిగిన కాసేపటికే వెనక మెట్ల దగ్గర ఆటోలు వచ్చి ఆగాయి. పత్తి కుక్కిన గోనె బోరెలు పైకెక్కాయి. ఒక్కో బోరె మనిషంత ఉంది. బండ్లు లేని సమయం చూసుకొని వచ్చారని తెలిసి కృపావతి మంచం మీద కూలబడింది. తర్వాత ఆ మంచం కూడా నిలబెట్టాల్సి వచ్చింది. బోరెలు పైకప్పు తాకాయి. తలుపు నుంచి బాత్‌రూముకు ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి మిగిలింది. ఆ దారిలోనే చాప.

ఆమె స్టవ్ వెలిగించడం మానేసింది. గ్యాస్ సిలిండరు మూత బిగించి బాత్‌రూములో పెట్టింది. మెయిన్ స్విచ్ ఆపేసింది. ఫోను హాస్టల్లో చార్జింగ్ పెట్టుకునేది, తిండి అక్కడే. కింద ఎవరైనా బీడీ కాల్చుకుంటే కిటికీ మూసేది. క్రిస్మస్‌కు ఇల్లు చూడడానికి వస్తానని మంజుల ఫోన్ చేస్తే, రావద్దని చెప్పింది. ఎందుకని అడిగితే రంగులు వేస్తున్నారని అబద్ధం ఆడింది.

పాటల వాళ్లు వచ్చిన సాయంత్రం ఆమె లోపల ఊపిరి బిగపట్టి కూర్చుంది. తలుపు తీయకుంటే పక్కింటికి పోతారనుకుంది. కానీ వాళ్లు వరండాలోనే పాట ఎత్తుకున్నారు. తలుపు కింది సందులోంచి కొవ్వొత్తుల వెలుగు లోపలికి వచ్చి పత్తి మీద పడింది. అప్పుడు లేచి బయటికి వచ్చింది.

"అక్కా, నిన్నే. లోపల ఏముంది?" వినీత్ మళ్లీ అడిగాడు.

కృపావతి వరండాలో ఉన్న వాళ్లందరినీ ఒకసారి చూసింది. చంకలో బిడ్డలతో వచ్చినవాళ్లున్నారు. దిగడానికి ఉన్నది ఒకటే మెట్ల దారి.

"ముందు అందరినీ కిందికి దించు నాయనా," అంది. "అగ్గిపెట్టెలు ఉంటే ఈడ గీకొద్దని చెప్పు. తర్వాత చూపిస్తా."

తలుపు తీశాక వినీత్ టార్చి వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి గోడకు తగిలాడు. గడివేములలో ఎండు గడ్డి ఎంత సేపట్లో బూడిదవుతుందో ఈ నెల మొదట్లోనే చూసి వచ్చినవాడు. ఇన్నాళ్లూ కింద డ్యూటీలో, సరిగ్గా దీని కిందే పడుకున్నాడు.

ఇంద్రజ పైకి వచ్చి చూసింది. కేకలు వేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె వేయలేదు. కరెంటు మొత్తం ఆపించింది. మూడంతస్తుల జనాన్ని రోడ్డు అవతల నిలబెట్టింది. నీళ్ల పైపులు మెట్ల మీదికి లాగించి, బోరెలను చేతుల మీదుగా కిందికి దింపించింది. చివరి బోరె దిగాక ఆమె మాస్టర్ తాళాలు తెమ్మంది.

"అన్ని ఇళ్లూ తెరవండి."

మూడో అంతస్తులో సంజామల నుంచి వచ్చిన దంపతుల ఇంట్లో మంచం కింద, బీరువా మీద, అటక మీద పత్తి. మామగారిదట. అదే అంతస్తు చివరింట్లో వంటగది నిండా పత్తి, దాని మధ్యలో గ్యాస్ స్టవ్, స్టవ్ మీద పాలగిన్నె. ఆ పాలు ఆ రోజు కాచినవే. వాళ్లెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఎవరికి వారు అదే ఆలోచన చేశారు. కింద ఫైరింజన్ ఉండగా మన ఇల్లు కాలుతుందా అని.

నాలుగోది జీవమ్మ ఇల్లు. కొడుకు పరుపు కింద, కొడుకు యూనిఫాం తగిలించిన కొక్కెం కింద, ఆమె తమ్ముడి పత్తి.

వినీత్ తల్లి వైపు తిరిగాడు. "పరుపులు కుట్టించాల అంటివి గదమ్మా."

"నీ మేనమామ అడిగితే కాదంటానా?" అంది జీవమ్మ. గొంతు చిన్నదైంది. "నువ్వుండావు గదా అనుకుంటిని. నీ ఇంటికే భయమైతే ఇంక ఎవురికి ధైర్యం రా?"

అతను మెట్ల మీద కూర్చుండిపోయాడు.

తెల్లారి ఆదినారాయణ వచ్చాడు. ఆవరణలో గుట్టగా పడున్న బోరెలను చూసి, తడిశాయేమోనని చెయ్యి పెట్టి చూశాడు. ఇంద్రజ కృపావతిని అడుగుతోంది, సరుకు ఎవరిదని.

"నా ఇంట్లో ఉండాది. నాదే అనుకోండి మేడం."

"నాదమ్మా," అన్నాడు ఆదినారాయణ. "ఆ యమ్మ తప్పేం లేదు. అయినా మీరు కిందనే ఉండారు గదా, అంత భయమేంది?"

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగాడు. ఇంద్రజ పై అంతస్తు వైపు వేలు చూపించింది.

"పెద్దాయనా, మీ పత్తి అంటుకుంటే ముందు కూలేది మా నెత్తిన. బండి బయటికి వచ్చేదెట్లా? ఊళ్లో ఇంకో ఇల్లు తగలబడితే పోయేదెవరు?"

ఆదినారాయణ పైకి చూశాడు, బండిని చూశాడు, మళ్లీ పైకి చూశాడు. ఇంటి మీద ఇల్లు అనే సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. బోరె మీది చెయ్యి తీసేశాడు. పోయిన సంవత్సరం గోడలు మాత్రమే మిగిలిన ఇంటి ముందు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడిపోయాడు.

నాలుగిళ్లకూ ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. సిబ్బంది ఇల్లని వినీత్‌కు మినహాయింపు లేదు. తనంతట తాను తలుపు తీసిందని కృపావతికీ లేదు. ఇంద్రజ ఆమె గురించి పైకి రాసింది. జవాబు రాలేదు.

"నువ్వు ఆ పొద్దు తలుపు తీయకుండా ఉంటే ఇల్లు మిగిలేదేమో," అంది ఇంద్రజ, తాళం కోసం చెయ్యి చాపుతూ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"యాడ మిగిలేది మేడం, అన్ని కొవ్వొత్తులుండగా," అంది కృపావతి. మెడలోని దారం ముడి పడింది. విప్పడానికి చేతకాక కత్తెర అడిగింది.

ఆదినారాయణ ట్రాక్టరు తెచ్చాడు. ఆళ్లగడ్డలో ఒక ఇల్లు చూశానని, అద్దె తానే కట్టుకుంటానని, వచ్చి ఉండమని అడిగాడు. సామాను ఎక్కించడానికి ఇద్దరు మనుషులను కూడా వెంట తెచ్చాడు.

"వద్దన్నా. హాస్టలోళ్లు వంటింటి వెనక గది ఇస్తాండారు."

"అది గదేనా? బియ్యం మూటలు పెట్టే కొట్టు గదా. పిల్ల వస్తే యాడ పండుకుంటాది?"

"వార్డెనమ్మను అడగల్ల."

"నా మాట ఇను కృపా. ఆళ్లగడ్డ ఇంటి అద్దె కాయితం నీ పేరు మీదనే రాపిస్తా. తాళం నీ దగ్గరే ఉంటాది."

ఆమె మంచాన్ని ఒక పక్క ఎత్తి పట్టుకుంది. రెండో పక్క పట్టుకోమని ఆయన మనిషికి చెప్పలేదు, జీవమ్మకు చెప్పింది.

"తాళం నా దగ్గరుంటే నువ్వు మళ్లా అడుగుతావ్ అన్నా," అంది. "నేను మళ్లా కాదనలేను."